రిపోర్ట్ నార్మల్ అంటే నొప్పి లేదని కాదు

ఎండోమెట్రియోసిస్‌ను పట్టుకోవడంలో ఎంఆర్ఐ ఏం చూపిస్తుంది, ఏం చూపించలేదు? ఇంగ్లండ్‌లో ఎంఆర్ఐ రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తున్న ఓ తెలుగు మహిళ అనుభవాలు, సూచనలు.

మన ఇళ్లలో నెలసరి నొప్పికి ఉన్నన్ని ఓదార్పు మాటలు ఇంకే నొప్పికీ ఉండవు. ‘వాము నీళ్లు తాగు’, ‘వేడినీళ్ల సంచి పెట్టుకో’, ‘మాకూ ఇలాగే ఉండేది’, ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’, ‘ఒక కాన్పు అయితే పోతుంది’. ఆడపిల్ల పదమూడో ఏట మొదలయ్యే ఈ మాటలు ఆమె విమానమెక్కి మరో దేశం వెళ్లినా వెంటే వస్తాయి. సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కనే నాలుగైదు మెఫ్తాల్ స్పాస్ స్ట్రిప్పులు కూడా వస్తాయి.

చాలామందికి ఆ మాటలు, ఆ మాత్రలు సరిపోతాయి. కొందరికి సరిపోవు. ప్రతి నెలా రెండు మూడు రోజులు మంచం దిగలేని వాళ్లు, బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోయే వాళ్లు, నెలసరి రోజుల్లో విరేచనానికి వెళ్లాలంటేనే భయపడే వాళ్లు ఉన్నారు. వీళ్లలో చాలామందిది ‘కాస్త ఎక్కువ నొప్పి’ కాదు, ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, అంటే ప్రపంచం మొత్తం మీద సుమారు 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనకు తెలిసిన ప్రతి పదిమంది ఆడవాళ్లలో ఒకరన్నమాట. తెలుగు సంఘం ఉగాది వేడుకకు మూడొందల మంది ఆడవాళ్లు వచ్చారనుకోండి, ఆ హాల్లో ఎంతమంది ఉండొచ్చో మీరే లెక్క వేసుకోండి.

మాది తెనాలి దగ్గర పల్లె. పద్నాలుగేళ్లుగా ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లోని ఒక ఆసుపత్రిలో ఎంఆర్ఐ రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తున్నాను. స్కాన్ తీయడం నా పని. దాన్ని చదివి రిపోర్ట్ రాసేది రేడియాలజిస్టు, చికిత్స నిర్ణయించేది గైనకాలజిస్టు. కాబట్టి ఇది వైద్య సలహా కాదు. రోజూ ఆ యంత్రం పక్కన నిలబడే మనిషిగా, మన కుటుంబాలు తెలుసుకుంటే బాగుంటుందనిపించిన నాలుగు సంగతులు.

లోపలి పొర బయట పెరిగితే

గర్భాశయం లోపలి గోడకు ఒక పొర ఉంటుంది. నెల నెలా మందంగా పెరిగి, గర్భం రాకపోతే ఊడి రక్తంతో బయటికి వస్తుంది. అచ్చం అలాంటి కణజాలమే గర్భాశయం బయట పెరగడం ఎండోమెట్రియోసిస్. అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పల్చటి పొర మీద, గర్భాశయాన్ని వెనక్కి పట్టి ఉంచే లిగమెంట్ల మీద, పేగు మీద, మూత్రాశయం మీద అది పెరగొచ్చు. హార్మోన్లు చెప్పినట్టే అదీ ఉబ్బుతుంది, స్రవిస్తుంది. కానీ ఆ రక్తానికి బయటికి పోయే దారి లేదు. చుట్టుపక్కల వాపు వస్తుంది, మచ్చ కడుతుంది, అవయవాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి.

వైద్యులు దీన్ని మూడు రకాలుగా చెబుతారు. పొర మీద చిన్న చిన్న చుక్కల్లా ఉండేది మొదటిది. అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి రెండోది. లోపల చిక్కటి గోధుమ రంగు ద్రవం ఉంటుంది కాబట్టి దీన్నే ‘చాక్లెట్ సిస్ట్’ అంటారు. పొర కిందికి లోతుగా చొచ్చుకుపోయి గట్టి ముద్దలా తయారయ్యేది మూడోది. ఇక్కడో చిత్రమైన సంగతి ఉంది. జబ్బు ఎంత విస్తరించిందో నొప్పీ అంతే ఉండాలని లేదు. చిన్న చుక్కలకే విలవిల్లాడేవాళ్లు ఉన్నారు, పెద్ద తిత్తి ఉన్నా పిల్లల కోసం పరీక్షలు చేయించుకునేదాకా ఏమీ తెలియని వాళ్లూ ఉన్నారు.

ఇంత సామాన్యమైన జబ్బుకు పేరు పెట్టించుకోవడం మాత్రం సామాన్యం కాదు. బ్రిటన్‌లో రోగుల తరఫున పనిచేసే ‘ఎండోమెట్రియోసిస్ యూకే’ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పటి నుంచి జబ్బు నిర్ధారణ అయ్యేదాకా సగటున 8 ఏళ్ల 10 నెలలు పడుతోంది. అమ్మమ్మలు, అత్తయ్యలు ‘అందరికీ ఉండేదేగా’ అన్న కాలం అందులో కలవలేదు.

అల్ట్రాసౌండ్ ముందు, ఎంఆర్ఐ తర్వాత

కొన్నేళ్ల కిందటి దాకా ఈ జబ్బును ఖాయంగా చెప్పాలంటే లాపరోస్కోపీ చేయాల్సిందే అనేవారు. అంటే మత్తు ఇచ్చి, బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, కెమెరాతో లోపల చూడటం. ఇప్పుడు ఆలోచన మారింది. యూరప్ సంతాన సాఫల్య నిపుణుల సంఘం ఎష్రే 2022లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, లాపరోస్కోపీని ఇక అందరికీ ప్రామాణిక పరీక్షగా చూడనక్కర్లేదని చెప్పింది. స్కాన్లలో ఏమీ కనిపించనప్పుడు, లేదా మందులు పనిచేయనప్పుడు, సరిపడనప్పుడు దాన్ని ఆలోచించాలంది. దాంతో స్కాన్ల బాధ్యత పెరిగింది.

మొదటి మెట్టు అల్ట్రాసౌండే. అందులోనూ పొట్ట మీద నుంచి చేసేదానికంటే యోని ద్వారా చేసే ట్రాన్స్‌వెజైనల్ స్కాన్ చాలా మెరుగు. ఈ జబ్బులో అనుభవం ఉన్నవాళ్లు చేస్తే లోతైన ముద్దలను కూడా చక్కగా పట్టుకుంటారు. ఖర్చు తక్కువ, త్వరగా అవుతుంది. మరి ఎంఆర్ఐ ఎప్పుడు? లోతైన జబ్బు ఉందని అనుమానం వచ్చినప్పుడు, పేగు, మూత్రాశయం, మూత్రనాళాల మీదికి ఎంతవరకు పాకిందో కొలవాల్సి వచ్చినప్పుడు, ఆపరేషన్‌కు ముందు సర్జన్‌కు లోపలి పటం కావాల్సినప్పుడు. పేగు గోడలోకి జబ్బు చొచ్చుకుపోయిందని ముందే తెలిస్తే ఆపరేషన్ థియేటర్‌లో గైనకాలజిస్టు పక్కన పేగుల సర్జన్ కూడా ఉంటారు. తెలియకపోతే పొట్ట తెరిచాక తడుముకోవాలి. ఒకే ఆపరేషన్‌తో పోవాల్సింది రెండు మూడు అవుతుంది.

మన కుటుంబాలకు ముఖ్యమైన సందర్భం మరొకటి ఉంది. పెళ్లికాని అమ్మాయిలు, యోని ద్వారా చేసే స్కాన్‌కు ఇష్టపడనివాళ్లు, నొప్పి వల్ల అది భరించలేనివాళ్లు ఉంటారు. ఆ స్కాన్ వద్దనే హక్కు మీకుంది. అయితే ‘వద్దు’ అని ఊరుకోకుండా ‘దాని బదులు ఎంఆర్ఐకి వీలవుతుందా’ అని అడగండి. ఎంఆర్ఐ శరీరం బయటి నుంచే చేస్తారు. ఈ ఒక్క ప్రశ్న తెలియక, పొట్ట మీద నుంచి చేసిన స్కాన్‌లో ‘ఏమీ లేదు’ అని రాగానే ఆగిపోయిన అమ్మాయిలు ఎందరో ఉన్నారు.

యంత్రం ఏం చూస్తుంది?

మన ఒంట్లో నీళ్లు, కొవ్వు ఉన్నచోటల్లా హైడ్రోజన్ ఉంటుంది. బలమైన అయస్కాంతంలో పడుకోబెట్టి రేడియో తరంగాలు పంపితే ఆ హైడ్రోజన్ కేంద్రకాలు తిరిగి సంకేతం ఇస్తాయి. ఏ కణజాలం ఎలా స్పందించిందో చూసి కంప్యూటర్ బొమ్మ కడుతుంది. ఈ పద్ధతికి 2003లో నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరైన పీటర్ మాన్స్‌ఫీల్డ్ మా పక్కనున్న నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోనే పనిచేశారు. ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు. ఎక్స్‌రేలో, సీటీ స్కాన్‌లో ఉండే రేడియేషన్ ఇందులో ఉండదు. వయసులో ఉన్న ఆడపిల్లల పొత్తికడుపు చూడాల్సి వచ్చినప్పుడు అది పెద్ద లాభం.

ఒకే చోటును మేం రకరకాలుగా బొమ్మ తీస్తాం. టీ2 అనే బొమ్మలో నీరు తెల్లగా, మచ్చకట్టిన గట్టి కణజాలం నల్లగా కనిపిస్తుంది. లోతైన ఎండోమెట్రియోసిస్ అందులో నల్లటి ముద్దలా, ఒక్కోసారి నలువైపులకూ కాళ్లు చాచిన నక్షత్రంలా ఉంటుంది. టీ1 అనే బొమ్మలో పాత రక్తం తెల్లగా మెరుస్తుంది. కొవ్వు కూడా అందులో తెల్లగానే ఉంటుంది కాబట్టి, కొవ్వు సంకేతాన్ని అణచిపెట్టి మళ్లీ ఇంకో బొమ్మ తీస్తాం. అప్పుడు కొవ్వు నల్లబడుతుంది, రక్తం మాత్రం తెల్లగానే మిగులుతుంది. అండాశయంలో ఉన్నది కొవ్వు నిండిన డెర్మాయిడ్ తిత్తా, పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్టా అన్నది ఈ తేడాతోనే బయటపడుతుంది. నెలల తరబడి మళ్లీ మళ్లీ రక్తస్రావమై చిక్కబడ్డ తిత్తి టీ2లో నీడ కమ్మినట్టు మసకబారుతుంది. మామూలు నీటి తిత్తి అలా మసకబారదు.

రేడియాలజిస్టులు చూసేది ముద్దలను మాత్రమే కాదు, అవయవాలు ఉన్న తీరును కూడా. విడివిడిగా ఉండాల్సిన రెండు అండాశయాలు గర్భాశయం వెనుక ఒకదాన్నొకటి తాకుతున్నాయా? గర్భాశయం వెనక్కి లాగినట్టు వంగిపోయిందా? గర్భాశయానికీ మలాశయానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ మూసుకుపోయిందా? ఇవన్నీ లోపల అతుకులు పడ్డాయనడానికి ఆనవాళ్లు. గర్భాశయం కండరంలోకే ఆ పొర చొచ్చుకుపోయే అడినోమయోసిస్ అనే జబ్బు కూడా ఎంఆర్ఐలో బాగా తెలుస్తుంది. రెండూ కలిసి ఉండటం అరుదేమీ కాదు.

2016లో వెలువడిన కోక్రేన్ సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. లోతైన ఎండోమెట్రియోసిస్ ఉన్న ప్రతి వందమందిలో ఎంఆర్ఐ సుమారు 94 మందిని పట్టుకుంటోందని తేల్చింది. అదే సమయంలో ఆ జబ్బు లేని ప్రతి వందమందిలో 77 మందికే సరిగ్గా ‘లేదు’ అని చెప్పగలిగిందని కూడా చూపించింది. యంత్రం బాగా చూస్తుంది కానీ, చూసినదాన్ని చదివేవాళ్లకు ఈ జబ్బులో అనుభవం ఉండాలి. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2017 మార్గదర్శకాల్లో ఈ మాట విడిగా రాసింది: పొత్తికడుపు ఎంఆర్ఐని స్త్రీల వ్యాధుల స్కాన్లలో ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారే చదవాలి.

పుస్తెల తాడుకు పిన్నీసులు

ఇక స్కాన్ రోజు. మన ఆడవాళ్లు వచ్చినప్పుడు నేను మొదట అడిగేది పుస్తెల తాడుకు పిన్నీసులున్నాయా అని. బంగారాన్ని అయస్కాంతం లాగదు. కానీ ‘అవసరానికి ఉంటాయి’ అని దానికి తగిలించుకున్న రెండు మూడు పిన్నీసులు ఇనుమే. ఆ గదిలోకి వెళ్తే బుల్లెట్‌లా ఎగురుతాయి. ఎగరని లోహం కూడా వేడెక్కొచ్చు, బొమ్మను చెడగొట్టొచ్చు. కాబట్టి నల్లపూసలు, ముక్కుపుడక, గాజులు, మెట్టెలు, తాయెత్తు, జడ పిన్నులు అన్నీ తీసేయడం మంచిది. మెట్టెలు బిగిసిపోయి రాకపోతే ఇంటి దగ్గరే సబ్బు నీళ్లతో తీసుకుని రండి, లేదా ముందే ఫోన్ చేసి చెప్పండి. జరీ ఉన్న బట్టలు, లోహపు దారాలు కలిపిన వ్యాయామం లెగ్గింగ్స్ కూడా వద్దు. తాళి తీయడానికి మనసొప్పని వాళ్లుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీ వెంట వచ్చినవారి చేతిలో అరగంట ఉంటుంది, అంతే.

సాధారణంగా 4 నుంచి 6 గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. పేగులు కదులుతుంటే బొమ్మ చెదురుతుంది. అందుకే పేగుల కదలిక కాసేపు తగ్గడానికి బస్కోపాన్ లాంటి ఇంజెక్షన్ ఇస్తారు. గ్లకోమా, గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి. మూత్రాశయం మరీ నిండుగా ఉండకూడదు, పూర్తిగా ఖాళీగా ఉన్నా కుదరదు. కొన్ని చోట్ల భాగాలు స్పష్టంగా విడిపడి కనిపించేందుకు యోనిలోకి, మలాశయంలోకి జెల్ ఎక్కిస్తారు. ఇది అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. మీకు చేస్తారో లేదో ముందే అడగొచ్చు, వద్దనవచ్చు, మహిళా సిబ్బందే కావాలని కోరవచ్చు. చేతి నరానికి ఎక్కించే గాడోలినియం మందు ప్రతి ఒక్కరికీ అవసరం పడదు. అండాశయంలోని గడ్డ ఏమిటో తేలనప్పుడు అది ఉపయోగపడుతుంది. కిడ్నీ సమస్య ఉంటే తప్పక చెప్పండి. కాపర్ టీ, హార్మోన్ కాయిల్ ఉన్నా సాధారణంగా ఇబ్బంది ఉండదు, అయినా ఫారంలో రాయాలి.

లోపల 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. చప్పుడు పెద్దగా ఉంటుంది, చెవులకు రక్షణ ఇస్తారు. చేతిలో ఒక బెల్ ఉంటుంది, నొక్కితే ఆపేస్తాం. నెలసరి వచ్చిన రోజుల్లో వస్తే ఏమన్నా అనుకుంటారేమో అని అపాయింట్‌మెంట్ మానుకున్నవాళ్లను నేను చూశాను. ఈ స్కాన్‌కు ఫలానా రోజే రావాలన్న నియమం లేదు. ఆ రోజుల్లో వచ్చినా మాకు ఏ ఇబ్బందీ ఉండదు. నెలలు ఎదురుచూసి దొరికిన తేదీని అందుకోసం వదులుకోకండి.

గదిలో ఎవరుండాలి?

స్కాన్‌కు ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాం. చివరి నెలసరి ఎప్పుడు? గర్భం ఉండే అవకాశం ఉందా? ‘పెళ్లికాని పిల్లని ఇవేం ప్రశ్నలమ్మా’ అని తెలుగులోనే నన్ను కోప్పడిన తల్లులున్నారు. అది భద్రత కోసం అందరినీ అడిగే ప్రశ్న అని చెప్పి, నవ్వుతూనే వాళ్లను బయట కుర్చీలో కూర్చోమంటాను. ఆ తర్వాత అమ్మాయి ఇచ్చే జవాబు కొన్నిసార్లు తల్లి ముందు ఇచ్చినదానికి వేరుగా ఉంటుంది.

గైనకాలజీ క్లినిక్‌లో ఇది మరీ ముఖ్యం. భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉంటుందా, విరేచనమప్పుడు నొప్పా, నెలసరిలోనేనా ఎప్పుడూనా అన్న జవాబుల మీదే డాక్టర్ స్కాన్ రాయాలో వద్దో నిర్ణయిస్తారు. ఇంగ్లిష్ రాని భార్య తరఫున భర్త, కోడలి తరఫున అత్తగారు అనువాదం చేస్తే ఆ జవాబులు సగంలోనే ఆగిపోతాయి. ఎన్‌హెచ్‌ఎస్‌లో తెలుగు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయమని అడగవచ్చు. అపాయింట్‌మెంట్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి. ఫోన్‌లో మాట్లాడే దుబాసీ అయినా సరే, ఇంటి మనిషి కంటే మేలు.

మా అక్క కూతురు

ఈ భాగం మా అక్క కూతురు అనుమతితోనే రాస్తున్నాను. పేరు వద్దంది.

తనకు పద్నాలుగో ఏట నుంచి నొప్పి. ఇంటర్‌లో నెలకు రెండు రోజులు కాలేజీ పోయేది. ఊళ్లో పొట్ట మీద నుంచి అల్ట్రాసౌండ్ చేశారు, నార్మల్. ‘పెళ్లి చేయండి, సర్దుకుంటుంది’ అన్నారు. హైదరాబాద్ హాస్టల్‌లో ఇంజినీరింగ్ నాలుగేళ్లూ మాత్రల మీదే గడిచాయి. ఎంఎస్సీకి ఇంగ్లండ్ వచ్చాక మొదటి చలికాలంలో నా దగ్గరికి వచ్చింది. నెలసరి రోజుల్లో విరేచనానికి వెళ్తే కత్తితో కోసినట్టు ఉంటోందని చెప్పింది. అంతకుముందు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదట.

జీపీ దగ్గర నమోదు చేయించుకోలేదు తను. చాలామంది విద్యార్థులు చేయించుకోరు, డబ్బు కట్టాలేమోనని భయం. నిజానికి విద్యార్థి వీసాకు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌చార్జి ముందే కట్టే వస్తారు. జీపీని చూడటానికి, పంపిస్తే స్పెషలిస్టును చూడటానికి, స్కాన్‌కు మళ్లీ కట్టనక్కర్లేదు. మూడు నెలలు డైరీ రాయమన్నాను. ఏ రోజు, ఎక్కడ నొప్పి, పదికి ఎంత, ఎన్ని మాత్రలు, ఏ క్లాసు పోయింది. ఆ కాగితాలు పట్టుకుని వెళ్తే జీపీ గైనకాలజీకి రాశారు. అక్కడ మళ్లీ పొట్ట మీద అల్ట్రాసౌండ్, మళ్లీ నార్మల్. యోని ద్వారా స్కాన్ తనకు ఇష్టం లేదు. అప్పుడు ఎంఆర్ఐ రాశారు. నెలలు గడిచాక తేదీ వచ్చింది. బంధువులకు మేం స్కాన్ చేయకూడదు, ఆ రోజు నేను బయట కుర్చీలోనే ఉన్నాను.

రిపోర్ట్‌లో గర్భాశయం వెనుక లిగమెంట్లు రెండూ మందంగా మచ్చకట్టి ఉన్నాయని, అక్కడే మలాశయం ముందు గోడను లాగి పట్టుకుందని రాశారు. పదేళ్ల నొప్పికి మొదటిసారి ఒక బొమ్మ దొరికింది. తను ఏడ్చింది, కానీ భయంతో కాదు. ‘నేను నాటకాలాడలేదు పిన్నీ’ అంది.

ఊళ్లో మా అక్కకు ఫోన్ చేసి చెబితే ఆమె మొదటి మాట ‘ఈ సంగతి ఎవరికీ చెప్పకు, సంబంధాలు చూస్తున్నాం’. అక్కను తప్పు పట్టలేను. కడుపుకు సంబంధించిన జబ్బు పేరు పెళ్లి చూపుల దాకా వెళ్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తర్వాత హార్మోన్ మాత్రలు మొదలుపెడితే ‘అవి పిల్లలు పుట్టకుండా వేసుకునేవి కదా’ అని మరో గొడవ. ఈ జబ్బులో ఆ మాత్రలు నెలసరిని ఆపి నొప్పిని అదుపులో పెడతాయని, మానేశాక అండాలు మళ్లీ విడుదలవుతాయని స్పెషలిస్ట్ నర్సు చెప్పిన మాటలను నేను అక్కకు మూడుసార్లు తెలుగులో చెప్పాను. ఈ జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి గర్భం రావడం కష్టమవుతుంది, ఇంకా చాలామందికి పిల్లలు పుడతారు. ఆ మాట కూడా దాచకుండా చెప్పాను.

మలాశయం గోడ లోపలికి జబ్బు పోలేదు కాబట్టి ప్రస్తుతానికి ఆపరేషన్ వద్దని, మందులతో చూద్దామని డాక్టర్లు అన్నారు. నొప్పి పూర్తిగా పోలేదు, బతకగలిగేంత తగ్గింది. తను చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరింది. కిందటేడాది ఒక సంబంధం మాటలదాకా వచ్చినప్పుడు, అబ్బాయికి తనే ఫోన్‌లో విషయం చెప్పేసింది. వారం తర్వాత వాళ్లు ‘జాతకాలు కలవలేదు’ అన్నారు. అక్క రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. తను మాత్రం, ‘ఇప్పుడే తెలిసింది, మంచిదయింది’ అంది. ఆ ధైర్యం నాకు ముచ్చటగానూ ఉంది, ఆ పిల్ల ఒక్కతే అంత ధైర్యం చేయాల్సి రావడం బాధగానూ ఉంది.

నార్మల్ అని వస్తే?

ఎంఆర్ఐ కూడా నార్మల్ అని రావచ్చు. ఇది అందరూ గుర్తు పెట్టుకోవాల్సిన మాట. పొర మీద కొద్ది మిల్లీమీటర్ల చుక్కల్లా ఉండే జబ్బును ఎంఆర్ఐ తరచూ పట్టుకోలేదు. అల్ట్రాసౌండ్ కూడా అంతే. అందుకే నైస్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి: పరీక్ష, అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ నార్మల్‌గా ఉన్నాయన్న కారణంతో ఎండోమెట్రియోసిస్ లేదని కొట్టిపారేయకూడదు. లక్షణాలు అలాగే ఉంటే స్పెషలిస్టు దగ్గరికి పంపడం, మందులు వాడి చూడటం, అవసరమైతే లాపరోస్కోపీ చేయడం తర్వాతి మెట్లు. సీఏ125 అనే రక్త పరీక్షతో ఈ జబ్బును నిర్ధారించవద్దని కూడా వాటిలో ఉంది.

కాబట్టి నార్మల్ రిపోర్ట్ చేతికి రాగానే ఇంట్లోవాళ్లు ‘చూశావా, ఏమీ లేదు’ అనడానికి తొందరపడకండి. ‘లోతైన జబ్బు కనిపించలేదు’ అన్నంతవరకే ఆ కాగితం చెబుతుంది.

బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

* రెండు మూడు నెలల నొప్పి డైరీ రాయండి. ‘బాగా నొప్పి’ అనేకంటే ‘నెలలో మూడు రోజులు పనికి వెళ్లలేకపోయాను’ అంటే డాక్టర్‌కు త్వరగా అర్థమవుతుంది.

* విరేచనం, మూత్రం, కలయిక సమయంలో నొప్పి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. అమ్మకు, అక్కాచెల్లెళ్లకు ఈ జబ్బు ఉంటే అదీ చెప్పండి.

* సెలవులకు ఊరెళ్లినప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎంఆర్ఐ చేయిస్తే, ఫిల్ములతో సరిపెట్టుకోకుండా డైకామ్ ఫైళ్లున్న సీడీ అడిగి తెచ్చుకోండి. ఎండోమెట్రియోసిస్ కోసం చూస్తున్నారని స్కాన్ చీటీ మీద రాయించండి. మామూలు పొత్తికడుపు ఎంఆర్ఐలో దీనికి కావాల్సిన కోణాలన్నీ ఉండకపోవచ్చు.

* బ్రిటన్‌లో ఉంటే, లోతైన జబ్బు అనుమానం ఉన్నప్పుడు బీఎస్‌జీఈ గుర్తింపు ఉన్న ఎండోమెట్రియోసిస్ కేంద్రానికి పంపమని అడగవచ్చు. అక్కడ గైనకాలజిస్టు, పేగుల సర్జన్, స్పెషలిస్ట్ నర్సు కలిసి చూస్తారు.

* అమెరికాలోనైనా గల్ఫ్‌లోనైనా ఇన్సూరెన్స్ మీద స్కాన్ అయితే, ముందస్తు అనుమతి కావాలేమో బుక్ చేసే ముందే కనుక్కోండి. డాక్టర్ రాసే కారణం ఎంత వివరంగా ఉంటే అంత మంచిది.

* రిపోర్ట్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. దేశం మారినా, డాక్టర్ మారినా కథ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు.

చివరగా మగవాళ్లకు ఒక మాట. మీ కూతురో, భార్యో, చెల్లెలో ప్రతి నెలా అదే తేదీల్లో మంచం పడుతుంటే ఆ లెక్క మీకూ తెలిసే ఉంటుంది. డాక్టర్ దగ్గర ఆ లెక్క ఆమె చెప్పినప్పుడు పక్కనుండి ‘అవును, నేనూ చూశాను’ అనండి చాలు. ఆ ఒక్క సాక్ష్యం కోసమే ఎదురుచూస్తున్న ఆడవాళ్లు నా స్కాన్ గది బయట కుర్చీల్లో రోజూ కనిపిస్తారు.